ఎడమ మడత

సోమవారం ఉదయం పదకొండు గంటలకు మాసిన బట్టలు ఏరే బల్ల దగ్గర ఒకామె చెయ్యి వెనక్కి లాక్కుంది. దుప్పటి విదిలించింది. అందులోంచి ఒక ఇంజెక్షన్ సూది బల్ల మీద పడింది. ఆమె వేలి చివర రక్తం వచ్చింది. చేతికున్న రబ్బరు తొడుగు చిరిగి రెండు వారాలైంది. కొత్తవి అడుగుతూనే ఉంది.

అది ఆసుపత్రుల బట్టలు ఉతికే లాండ్రీ. మూడు ఆసుపత్రుల నుంచి రోజుకు నాలుగు వేల దుప్పట్లు వస్తాయి. ఏరేవాళ్ళు, ఉతికేవాళ్ళు, ఆరబెట్టేవాళ్ళు, మడతపెట్టేవాళ్ళు కలిపి ఎనభై ఆరుగురు. అందరూ కాంట్రాక్టు కిందే. సూది గుచ్చుకున్నామెకు యాభై రెండేళ్ళు. మడత బల్ల దగ్గర పనిచేసే ఒకమ్మాయి ఆమె కోడలు. కోడలు పిలవగా విని విని లాండ్రీలో అందరూ ఆమెను అత్త అనే పిలిచేవారు.

సూపర్‌వైజరు వచ్చి సూది చూశాడు.

"కడుక్కో. ఏం కాదు."

"పుస్తకంలో రాయండి సార్," అంది అత్త.

పుస్తకమంటే ప్రమాదాల పుస్తకం. పనిలో ఎవరికి దెబ్బ తగిలినా అందులో రాయాలి. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. రాసి ఉంటేనే ఆసుపత్రి రక్తపరీక్ష చేసి మందిస్తుంది. ఇలాంటి సూది గుచ్చుకుంటే మందు మూడు రోజుల్లోపు మొదలుపెట్టాలని గోడ మీద బోర్డే ఉంది.

"రాస్తే ఎంక్వైరీ వేస్తారు. వచ్చే నెలే కాంట్రాక్టు రెన్యువల్. నీ ఒక్క వేలు కోసం ఎనభై ఆరు మంది పొట్ట కొట్టమంటావా?"

"పొట్ట కొట్టేది నేనా సార్?"

"నోరు లేస్తోందే. ఇంటికెళ్ళు. కబురు పెట్టేదాకా రావద్దు."

అతను కాంట్రాక్టరుకు ఫోన్ చెయ్యడానికి పక్కకెళ్ళాడు. సూది బల్ల మీదే ఉంది. కోడలు మడత బల్ల దగ్గర్నుంచి తను మడిచిన దుప్పటి ఒకటి పట్టుకొచ్చింది. దాని మీద ఆసుపత్రి ముద్ర కనబడేలా పెట్టి, పైన సూది ఉంచి ఫోటో తీసింది. తన చెయ్యి గాని, నీడ గాని పడకుండా చూసుకుంది. తర్వాత సూదిని ఒక ఖాళీ సీసాలో వేసి అత్త సంచిలో పెట్టింది.

లాండ్రీవాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. పేరు 'ఆరని బట్టలు'. నంబర్లు కనబడని రకం. ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకున్నారు. సబ్బుబిళ్ళ, తడిజేబు, ఊడిన గుండీ, ఇస్త్రీపెట్టె. సూపర్‌వైజరుకు కూడా వాళ్ళే ఒక పేరు పెట్టారు, పిండుడు సార్ అని. మొదట్లో ఆ గ్రూపు అతని మీద జోకుల కోసమే. పోనుపోను తొడుగుల సంగతి, ఓవర్‌టైము సంగతి వచ్చాయి. పనివాళ్ళు ఎనభై ఆరుగురు. గ్రూపులో ఎనభై తొమ్మిది మంది. ఆ ముగ్గురెవరో ఎవరికీ తెలియదు.

గ్రూపులో కోడలి పేరు నీలిమందు. ఫోటో పెట్టి కింద ఒకే వాక్యం రాసింది. 'గురువారం పదకొండు లోపు పుస్తకంలో ఎక్కాలి.'

సాయంత్రానికి ఆ ఫోటో ఆసుపత్రి నర్సుల ఫోన్లకు చేరింది. మంగళవారం మధ్యాహ్నం కాంట్రాక్టరు లాండ్రీకి వచ్చాడు. మిషన్లు ఆపించి అందర్నీ నిలబెట్టాడు.

"ముసుగేసుకుని రాళ్ళేసేవాళ్ళతో నేను మాట్లాడను. రేపు సాయంత్రంలోగా అందరూ కంపెనీ గ్రూపులో చేరాలి. సొంత పేరు, ఫోటో, గేటు పాసు నంబరు. చేరనివాళ్ళ పాసు పనిచెయ్యదు. దాచుకోడానికేం లేనివాడికి పేరు చెప్పడానికి భయమెందుకు?"

మిషన్లు మళ్ళీ తిరిగాయి. భోజనాల వేళ ఆరబెట్టే గదిలో మాటలు మొదలయ్యాయి.

"ఆ మాట వరకు వాడు కరెక్టే," అన్నాడు బట్టల బండి డ్రైవరు. "నేను మొదట్నించీ చెబుతున్నా. పేరు పెట్టి అడగండి. ఊడిన గుండీ, తడిజేబు... ఇదేమన్నా పిల్లలాటా? రేపు ఆఫీసరొచ్చి చూసింది ఎవరంటే సబ్బుబిళ్ళ చూసిందని చెబుతామా?"

"నీకేం అన్నా, బండి తాళం నీ జేబులో ఉంది. ఇక్కడ కాకపోతే ఇంకోచోట నడుపుతావ్," అంది ఇస్త్రీ చేసే ఆమె. "నాకు ఇద్దరు పిల్లలు. నా పేరు పైన పెట్టి నువ్వు వెనక నిలబడతావా?"

"వెనకెందుకు, పక్కనే నిలబడతా."

"ఆ, నిలబడతావ్. హారన్ కొట్టుకుంటూ."

నవ్వారు. బాయిలర్ మామ నవ్వలేదు. అరవై దగ్గర పడ్డ మనిషి. ఇక్కడికి రాకముందు మూడు ఫ్యాక్టరీల్లో బాయిలరు నడిపాడు.

"ఇదివరకు ఒకచోట మంచినీళ్ళ కోసం అర్జీ పెట్టాం," అన్నాడు. "ముప్పై మందిమి సంతకాలు చేశాం. వాళ్ళు కాగితం చూసి పైనుంచి వరసగా పీకుతూ వచ్చారు. పదో పేరు దగ్గరికి వచ్చేసరికి మిగతా ఇరవై మందీ మాకు దాహం లేదన్నారు. నాది నాలుగో పేరు."

"అయితే ఎప్పటికీ పేర్లు లేకుండానే బతుకుదామా మామా?"

"అనలేదు. ఎక్కడ చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మనం చూసుకోవాలి. వాడు అడిగినప్పుడు కాదు."

అప్పుడే ఫోన్లు మోగాయి. 'ఆరని బట్టలు'లో కొత్త మెసేజు. క్లోరిన్ అనే పేరుతో వచ్చింది. 'ఆ ముసలిది సూది ఇంటి నుంచే తెచ్చుకుంది. ఊరికే మందులు, సెలవు కొట్టెయ్యడానికి. కోడలు, అత్త కలిసి ఆడుతున్న నాటకం.'

ఆ గదిలో ఎవరి మొహం వాళ్ళు దాచుకున్నట్టు తలలు దించుకున్నారు. రాసింది పిండుడు సారా, లోపలి మనిషా? చెప్పే దారి లేదు.

"చూశారా?" అన్నాడు డ్రైవరు. "ఇదీ మీ ముసుగు. వాడికీ సరిపోయింది."

ఇస్త్రీ ఆమె ఫోన్ బోర్లా పెట్టింది. బాయిలర్ మామే అన్నాడు, "ఇది మన తప్పే. ముందే అనుకోవాల్సింది. కంపెనీ మీద మాట్లాడాలంటే పేరు అక్కర్లేదు. సాటి మనిషి మీద నింద వెయ్యాలంటే మాత్రం పేరు పెట్టి వెయ్యాలి."

కోడలు లేచింది. గ్రూపులోంచి బయటికి వచ్చేసింది. ఫోన్ ఆపి సంచిలో పడేసింది.

బుధవారం సాయంత్రానికి ముప్పై ఒక్క మంది కంపెనీ గ్రూపులో చేరారు. పిండుడు సార్‌కు ఆ పేర్లతో పని లేకపోయింది. అతనికి కోడలి మీద అనుమానమే గాని, రుజువు లేదు. రెండు రోజులుగా ఫోటోను పెద్దది చేసుకుని చూస్తున్నాడు. సూదిని కాదు, దుప్పటిని.

మడతపెట్టిన దుప్పటికి ఒకపక్క మూసి ఉంటుంది. రెండో పక్క అంచులు తెరిచి ఉంటాయి. ముద్ర పైకి పెట్టి కుడిచేతివాళ్ళు మడిస్తే అంచులు కుడికి వస్తాయి. ఫోటోలో అంచులు ఎడమకు ఉన్నాయి. మడత బల్ల దగ్గర పదకొండు మంది ఆడవాళ్ళు. వాళ్ళ దొంతరల్లో రెండేళ్ళుగా కొన్ని తిరగేసి వస్తున్నాయి. ఎవరే ఆ తిక్క మడత అని అతను అరిచేవాడు. ఆ దొంతరలు తప్ప మడిచే చేతుల్ని ఏనాడూ చూడలేదు. ఎవరివో మిగతా పదిమందికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు.

పని దిగే ముందు అతను మడత బల్ల దగ్గరికి వచ్చాడు. "రేపు ఎనిమిదింటికి కాంట్రాక్టరు సార్ ముందు ఒక్కొక్కరూ ఒక దుప్పటి మడవాలి. ఒక్కటంటే ఒక్కటే."

కోడలు తన ఎడమచెయ్యి వంక చూసుకుంది. ఫోటోలో చెయ్యి పడకుండా చూసుకుంది, నీడ పడకుండా చూసుకుంది. మడత ఉంటుందని తట్టలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయింది. మిగిలిన పదిమంది కుళాయి దగ్గర ఆగారు. గ్రూపులో ఏమీ రాయొద్దనుకున్నారు, ఆ ముగ్గురున్నారు కదా. నోటితోనే ఒక మాట అనుకున్నారు. కోడలికి చెబుదామని ఫోన్ చేశారు. ఆమె ఫోన్ ఆపేసి ఉంది.

ఇంట్లో కోడలు నేల మీద దుప్పటి పరిచి కుడిచేత్తో మడుస్తోంది. అంచు జారిపోతోంది. మళ్ళీ పరుస్తోంది.

"ఏంటే, దుప్పటితో కుస్తీ?" అంది అత్త.

కోడలు సంగతి చెప్పింది.

"ఒప్పుకోకు. నా వల్ల నీ పని పోతే నా కొడుకు నన్ను బతకనివ్వడు."

"పని కోసం కాదత్తయ్యా. రేపు ఎనిమిదింటికి నన్ను బయటికి గెంటితే పదకొండులోపు లోపలికెళ్ళి పుస్తకం ఎవరు తీస్తారు?"

అత్త కట్టు కట్టిన వేలిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. దుప్పటి దగ్గరికి జరిగి అంది, "ఆ మూల ఇంకాస్త లాగు. కుడిచేత్తో మడిచేవాళ్ళు బొటనవేలితో నొక్కుతారు."

గురువారం ఎనిమిదింటికి మడత బల్ల ముందు కాంట్రాక్టరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిండుడు సార్ దుప్పట్లు ఇచ్చాడు. మిగతా విభాగాలవాళ్ళు మిషన్ల పక్కన నిలబడి చూస్తున్నారు.

మొదటి ఆమె మడిచింది. ముద్ర పైకి పెట్టింది. అంచులు ఎడమకు ఉన్నాయి.

పిండుడు సార్ ముందుకొచ్చాడు. కాంట్రాక్టరు చెయ్యెత్తి ఆగమన్నాడు. రెండో ఆమె మడిచింది. ఎడమకు. మూడో ఆమె చేతులు తడబడ్డాయి, ఒకసారి విప్పి మళ్ళీ మడిచింది. ఎడమకు. నాలుగు, ఐదు, ఆరు. ఎడమకు.

ఏడో మనిషి కోడలు. రాత్రంతా మనసులో కుడిచేత్తో మడుస్తూనే ఉంది. ఇప్పుడు కుడికి మడిస్తే పదకొండు మందిలో వేరుగా కనబడేది తనొక్కతే. దుప్పటి పరిచింది. రెండేళ్ళుగా ఎలా మడిచిందో అలాగే మడిచింది. ఆమెది అందరికంటే ముందు పూర్తయింది.

పదకొండు దుప్పట్లు వరసగా ఉన్నాయి.

"ఇదేంటి?" అన్నాడు కాంట్రాక్టరు.

"మడత సరిగ్గా లేదని సార్ రోజూ తిడుతున్నారు సార్," అంది మొదటి ఆమె. "అందరం ఒకేలా నేర్చుకున్నాం."

మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. కాంట్రాక్టరు లేచాడు. "అయితే పదకొండు మందీ బయటికి నడవండి."

ఎవరూ కదల్లేదు. గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. కోడలు బల్ల చుట్టూ తిరిగి అతని ముందుకు వచ్చింది.

"ఫోటో తీసింది నేను. అదిగో నా మడత. సూది గుచ్చుకుంది మా అత్తకి. పుస్తకం తియ్యండి సార్."

"పేరు చెప్పావుగా. ఇక పో."

"నేను నా అంతట చెప్పా. మీరు పట్టుకోలేదు," అంది. "పుస్తకం తియ్యండి."

బాయిలర్ మామ ఆవిరి గొట్టం మూసేశాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. డ్రైవరు బండి తెచ్చి గేటుకు అడ్డంగా నిలిపాడు. అత్త బండిలోంచి దిగింది. అతను ఆమెను ఇంటి దగ్గర ఎక్కించుకునే వచ్చాడు. ఇస్త్రీ ఆమె ఆఫీసు గదిలోకి వెళ్ళింది. సొరుగు లాగి పుస్తకం తీసింది. "నా ఇద్దరు పిల్లల మీద ఒట్టు సార్, అడ్డొస్తే బాగుండదు," అంది. పిండుడు సార్ అడ్డు రాలేదు.

కోడలు ఎడమచేత్తో రాసింది. సోమవారం, పదకొండు గంటలు, మాసిన బట్టల బల్ల, సూది. కింద సాక్షులకు రెండు గీతలున్నాయి.

"మొదట ఎవరు?" అందామె.

 అందరికీ బాయిలర్ మామ చెప్పిన ముప్పై మంది గుర్తొచ్చారు. మామ కలం అందుకున్నాడు. గీత మీద పెట్టలేదు. పేజీ అంచున, పక్కకు తిప్పి సంతకం చేశాడు. "గుండ్రంగా పెట్టండి. పైనా లేదు, కిందా లేదు."

డ్రైవరు పెట్టాడు. ఇస్త్రీ ఆమె పెట్టింది. పుస్తకం తిప్పుతూ పోయారు. కంపెనీ గ్రూపులో చేరిన ముప్పై ఒక్కరిలో ఇరవై ఆరుగురు వచ్చి పెట్టారు. పేజీ నిండితే వెనక్కి తిప్పారు, అక్కడా గుండ్రంగానే. మొత్తం డెబ్బై ఎనిమిది పేర్లు. అన్నీ సొంత పేర్లు.

తొమ్మిదీ యాభైకి బండి బయల్దేరింది. పుస్తకం అత్త ఒళ్ళో ఉంది, సూది సీసా చేతిలో ఉంది. పదిన్నరకు ఆసుపత్రిలో డాక్టరు ఆ పేజీ నకలు తీయించుకుని రక్తం తీయించాడు. పది నలభైకి అత్త మొదటి మాత్ర మింగింది.

డ్రైవరు పుస్తకంతో తిరిగొచ్చేసరికి గేటు దగ్గర పోలీసులున్నారు. కంపెనీ పుస్తకం దొంగతనం, పని అడ్డగించడం అని కాంట్రాక్టరు ఫిర్యాదు ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు పుస్తకం తెరిచాడు. పేరు చదవడానికి ఒకసారి తిప్పాడు. ఇంకో పేరు కోసం మళ్ళీ తిప్పాడు.

"వీళ్ళలో మొదట పెట్టిందెవరు?"

"మీరే చూడండి సార్," అన్నాడు బాయిలర్ మామ. "ఇంకోసారి తిప్పండి."

జనం నవ్వారు. ఇన్‌స్పెక్టరు పుస్తకం మూశాడు. కాంట్రాక్టరు కోడలి వైపు వేలు చూపించాడు. "తనే ఒప్పుకుంది."

"పేరేంటి?"

"అందులోనే ఉంది," అందామె. "వెతుక్కోండి."

ఆమెను జీపు ఎక్కించారు. జీపు వెనక డెబ్బై మంది నడిచారు. స్టేషన్ ముందు కూర్చున్నారు. సంతకం పెట్టినవాళ్ళలో కొందరు రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ గ్రూపులో రాయలేదు. క్లోరిన్ మళ్ళీ కనబడలేదు.

సాయంత్రం ఆరింటికి కోడలు ఇంకా లోపలే ఉంది. అత్త మెట్ల మీద కూర్చుని ఉంది. ఇస్త్రీ ఆమె ఫోన్ మోగింది. 'ఆరని బట్టలు'లో ఎవరో కొత్తగా చేరారు. పేరు మెత్తని తలగడ. ఒక ఫోటో పెట్టారు. మడతపెట్టిన దుప్పట్ల దొంతర. దాని మీద ఉన్న ముద్ర వీళ్ళు ఉతికే మూడు ఆసుపత్రులదీ కాదు. వెనక గోడ వీళ్ళ లాండ్రీ గోడ కాదు. కింద రాసి ఉంది. 'మీ మడత సంగతి విన్నాం. మా దగ్గరా తొడుగులు లేవు. రేపు ఎన్నింటికి రమ్మంటారు?'

ఇస్త్రీ ఆమె ఫోన్ అత్తకు చూపించింది. అత్త కళ్ళజోడు సర్దుకుని చూసింది.

దొంతర అంచులు ఎడమకు ఉన్నాయి.

"ఆరింటికి," అంది అత్త. "కింద నా పేరు పెట్టు. సొంత పేరు."