గడియ కొమ్మలు

ఫుమియెకు భయపడటానికి కారణం అక్కర్లేదు. కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే సైకిలుతో సహా కాలవలో పడిందనుకుంటుంది. తుమ్మితే ఊపిరితిత్తులు చెడ్డాయనుకుంటుంది. కుండీల్లో పొట్టి బోన్సాయ్ చెట్లు పెంచి బతికే కినాషి ఊళ్లో ఆవిడ భయాల మీద నవ్వుకోని ఇల్లు లేదు. అలాంటిది, భర్త తత్సువొ గుండె పట్టుకుని కూర్చున్న రోజున మాత్రం, "అజీర్తి అయ్యుంటుంది, కాసేపు పడుకోండి" అంది. జన్మలో ఆవిడ భయపడని రోజు అదొక్కటే. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆవిడ ఎదుట నవ్వలేదు.

ఆయన పోయి పదిహేను నెలలు. ఇంట్లో మిగిలింది తల్లీ, ఇరవై రెండేళ్ల కూతురు మిజుహొ. ఒక్క కప్పు కిందే ఉంటారు గానీ రోజుకు నాలుగు మాటలుంటే గొప్ప. మిజుహొ తెల్లారకుండానే ఉడాన్ నూడుల్స్ దుకాణానికి వెళ్లి కాళ్లతో పిండి తొక్కుతుంది. సాయంత్రం వచ్చి, తిని, గదిలోకి పోతుంది. పన్నెండేళ్లప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని కత్తెర పట్టిన పిల్ల, ఆయన పోయాక తోటవైపు కిటికీ కూడా తీయలేదు. కత్తెర ఆయన తగిలించిన మేకుకే తుప్పు పడుతోంది.

నీళ్లు పోయడం, కలుపు తీయడం, ముదురు ఆకులు గిల్లడం ఫుమియె పని, పెళ్లయిన నాటి నుంచీ. కొమ్మ కోయడం మాత్రం ఎన్నడూ చేయలేదు. కోసింది మళ్లీ అతకదు. ఆ ఒక్క ముక్క చాలు, ఆవిడ కత్తెర ముట్టకుండా ఉండటానికి.

కానీ ఈ చలికాలం ఒక చెట్టుకి కోయాల్సిందే. తత్సువొ అన్నిటికంటే ఎక్కువగా చూసుకున్న నల్ల పైన్ చెట్టు అది. మోకాలెత్తు ఉంటుంది, మాను తాపీమేస్త్రి గుండు కట్టిన దారం వేలాడేసినట్టు నిలువుగా ఉంటుంది. కొమ్మలు ఒకటి ఇటు, ఒకటి అటు, ఒకటి వెనక్కి, మెట్లలాగా పైకి పోవాలి. రెండో మెట్టు దగ్గర మాత్రం ఎడమా కుడీ ఒకే ఎత్తులో రెండు కొమ్మలున్నాయి, తలుపుకి అడ్డంగా వేసిన గడియలాగా. వీటిలో ఒకటి పోవాలి. కుడిది తత్సువొ పెంచింది. ఎడమది, మిజుహొ పన్నెండేళ్లప్పుడు మొట్టమొదట రాగితీగ చుట్టి వంచింది. "వచ్చే చలికాలం చూద్దాం" అంటూనే ఆయన ఏళ్లు గడిపేశాడు.

పక్క తోట ఒబాత తాత కంచె మీదుగా అన్నాడు. "ఏమ్మా, ఇంకో ఏడాది ఆగావంటే ఆ చోట పంటి నొప్పి బుగ్గలా ఉబ్బుద్ది. మాను అందమంతా పోద్ది. నన్ను కోసిపెట్టమంటావా?"

"వద్దు తాతా. మిజుహొ కోస్తుంది. కుడిది."

"ఆ పిల్ల పిండి తొక్కుతోంది కదమ్మా."

"తొక్కనీ. అరిగేవి కాళ్లే కదా, చేతులున్నాయిగా."

తాత తల ఊపి తన కుండీల వైపు తిరిగాడు. ఫుమియె ఆశ ఒక్కటే. మిజుహొ వంచిన కొమ్మ నిలిస్తే, పిల్ల ఏదో ఒక రోజు చెట్టు దగ్గరికొస్తుంది.

జనవరి చివర్లో రేడియోలో గడ్డకట్టే చలి అని చెప్పారు. నల్ల పైన్‌కి మంచు ఒక లెక్క కాదని కినాషిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఫుమియె బుర్రకూ తెలుసు, చేతులకే తెలియలేదు. భర్త తువ్వాలు తెచ్చి ఎడమ కొమ్మకు చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి తొడిగి, పురికొసతో కట్టింది. చలి రెండు రోజుల్లో పోయింది. మళ్లీ వస్తే? అలాగే ఉంచేసింది. ఎండ కాసిన రోజున సంచి లోపల నీటి చుక్కలు కనపడితే, ఊపిరి తీసుకుంటోంది అనుకుని మురిసిపోయింది.

మూడు వారాలకి ఒబాత తాత చూశాడు. "ఇదేంటమ్మా, దవడకి గుడ్డ కట్టావు? పన్ను పీకించావా ఏంటి చెట్టుకి?" అని నవ్వుతూ కంచె దాటి వచ్చి ముడి విప్పాడు. ముక్కిన వాసన కొట్టింది. సూదుల్లాంటి ఆకులు తడిసిన గడ్డిలా, గోధుమరంగుగా, ఆయన చేతికి ఊడి వచ్చాయి. తాత నవ్వు ఆగిపోయింది. తువ్వాలు మడిచి ఆవిడ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

సాయంత్రం మిజుహొ వచ్చేసరికి వంటింట్లో దీపం లేదు, పొయ్యి మీద వాసన లేదు. పదిహేను నెలల్లో మొదటిసారి ఆ పిల్ల తోటలోకి పరిగెత్తింది.

"అమ్మా, ఏమైంది? పడ్డావా?"

"నీ కొమ్మని చంపేశానే."

మిజుహొ చెట్టు ముందు గొంతుక్కూర్చుని బెరడుని గోటితో గీరింది. పచ్చదనం లేదు.

"చలికి కప్పావా?"

"ఆఁ."

"పైన్‌కి. ప్లాస్టిక్ సంచితో."

ఫుమియె చేతిలోని తువ్వాలు ముందుకు చాపింది.

"ఎండలో ఉడకేశావమ్మా. మా దుకాణంలో కూడా ఇంత బాగా ఉడకదు."

ఇద్దరికీ నవ్వు రాలేదు. మిజుహొ లేచి మేకు మీది కత్తెర తీసి, తుప్పు రుద్ది వచ్చింది. ఫుమియె కళ్లు మూసుకుంది. టక్ అని చిన్న చప్పుడు, అంతే.

"పోవాల్సింది ఇదే" అంది మిజుహొ, కోసిన చోట గాయం మానే మందు ముద్ద పూస్తూ. "తీగ బిగించేసి బెరడు తెగ్గోశాను అప్పట్లో. నాన్నకి మొదటి ఏడాదే తెలుసు. నా మొహం చూసి ఉంచాడు."

"నువ్వైనా చెప్పలేదేం?"

"పైకి చెబితే ఇక కోసేయక తప్పదని."

ఫుమియె కోసిన కొమ్మని చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్లూ దాచుకున్నది అప్పుడు బయటికొచ్చింది. "ఆ రోజు అజీర్తి అన్నది నేనే."

"పక్కగదిలోనే ఉన్నానమ్మా. విన్నాను. నేనూ అజీర్తే అనుకున్నాను."

ఆ పిల్ల చేతులు కడుక్కుని లోపలికి పోయింది.

మర్నాడు ఫుమియె లేచేసరికి సైకిలు లేదు. కత్తెర మేకు మీద లేదు. బల్ల మీద, నూనె రాసి గుడ్డలో చుట్టి ఉంది. ఇక ముట్టనివాళ్లూ అలాగే చుడతారు, రేపు మళ్లీ తీసేవాళ్లూ అలాగే చుడతారు. ఎవరిని అడగాలి?

తోటలో చెట్టుకి ఎడమవైపు ఖాళీ. ఆ ఖాళీలోంచి మిజుహొ గది కిటికీ కనిపించింది, మూసే ఉంది. ఈ రాత్రి మళ్లీ చలి అంటోంది రేడియో. ఫుమియె చెయ్యి తువ్వాలు మీదికి పోయింది. దాన్ని ఉతికి, బట్టల తీగ మీద ఆరేసి, నీళ్ల డబ్బా ఎత్తుకుంది.