అరచేయి ఎటు తిప్పితే

మా ఆయన ధర్మారావు భిలాయి ఉక్కు కర్మాగారంలో, రైలు పట్టాలు చేసే మిల్లులో ఫోర్‌మన్‌గా పనిచేసి, చెవులు రెండూ అక్కడే వదిలేసి వచ్చారు. దగ్గరికెళ్లి అరిస్తే కొంచెం వినపడుతుంది. రోజంతా అరవడానికి నాకు ఓపికెక్కడిది? క్రేన్ నడిపేవాళ్లకి మిల్లులో చూపించే సైగలు నేర్చుకుని రుఆబాంధా కాలనీ క్వార్టర్లో కాపురం లాక్కొచ్చాను. అరచేయి నావైపు తిప్పుకుంటే రమ్మని. ఎదుటికి చూపిస్తే ఆగమని. ఆగమనే సైగ ఎవరు చేసినా, నేల ఊడ్చేవాడు చేసినా సరే, క్రేన్ ఆగి తీరాలట. ఆ నియమం ఆయన ఒంట్లో ఇంకిపోయింది. నేను చేయి చూపిస్తే ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయేది.

ముందుగా రిటైరయ్యాక, ఎనభై నాలుగులో, ఆయనకి కొత్త పిచ్చి పట్టుకుంది. ఇరుగుపొరుగుకి షేర్ల గురించి సలహాలివ్వడం ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు వాళ్ల తరఫున స్వయంగా కొని అమ్మాలట. అందుకు బొంబాయి షేర్ బజారువాళ్లు బ్యాడ్జి ఇవ్వాలి. అది లేనిదే బేరాలు జరిగే రింగులో అడుగు పెట్టనివ్వరు. ఒక గుజరాతీ బ్రోకరు ఆయన్ని తన మనిషిగా పెట్టుకుంటానన్నాడు. బయల్దేరుతుంటే పక్కింటి తులసమ్మ గేటు దగ్గర ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా చెప్పింది.

"నాకు షేర్లు నువ్వే కొను బాబూ. ఇంకోల సేతికి ఇవ్వకు. నాకు ఆ కంపినీలూ తెల్దు, ఏటీ తెల్దు. నిన్నే ఎరుగుదును."

ఆ మాట ఆయనకి పూర్తిగా వినపడింది. రైల్లో దారంతా ఆ చేతినే చూసుకుంటూ కూర్చున్నారు.

బొంబాయి షేర్ బజారులో అధికారి తలవంచుకుని కాగితాలు చూస్తూ ఏదో అడిగాడు. పెదవులు కనపడకపోవడంతో ఈయన పలకలేదు. "చెవిటివాణ్ణి నమ్మి జనం సొమ్మెలా అప్పగిస్తాం?" అన్నాడు. బ్రోకరు బతిమాలాడు. చివరికి ఒక్కరోజు రింగులో నిలబెట్టి చూస్తామన్నారు. గంట మోగేలోగా తులసమ్మకి షేర్లు కొనాలి, లేదంటే ఇంటికి పోవాలి.

నన్ను పైన గ్యాలరీలో, అద్దాల వెనక కూర్చోబెట్టారు. కిందికి చూసి తెరిచిన నోరు మూయలేదు. వందలమంది మగాళ్లు భుజాలు రాసుకుంటూ, గొంతులు చించుకుంటూ! అద్దం మీద చెయ్యి పెడితే అద్దం వణుకుతోంది. పెళ్లయిన కొత్తలో మిల్లు చూపించినప్పుడు, ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మీదికి దూకుతుంటే కాళ్లకింద నేల ఇలాగే వణికింది. ఆ రోజు భయంతో ఆయన చొక్కా పట్టుకున్నాను గాని చూపు మాత్రం తిప్పుకోలేకపోయాను. ఇక్కడా అంతే. సంతకం లేదు, సాక్షి లేడు. ఎవడో చెయ్యి తిప్పుతాడు, ముక్కూమొహం తెలియనివాడి ఆస్తి చేతులు మారిపోతుంది. మనుషులు మనుషుల్ని ఇంతగా నమ్ముతారా అనుకున్నాను.

మరి మా ఆయన? గుంపు మధ్య రాయిలా నిలబడిపోయారు.

"ఆయన కదలరేం?" అని పక్కనున్న బ్రోకరు గుమాస్తాని అడిగాను.

"అదే నాకూ తెలీడం లేదు దీదీ. ఆయనకి కావలసిన షేర్లే అందరూ అమ్ముతున్నారు. చూడండి, అరచేతులన్నీ ఎదుటికున్నాయి. అరచేయి ఎదుటికుంటే అమ్మకం, తనవైపుంటే కొనుగోలు."

అప్పుడర్థమైంది నాకు. అమ్మేవాళ్లు కాదు, ఆయన కళ్లకి వాళ్లంతా 'ఆగు, ఆగు' అంటున్నవాళ్లే. బ్రోకరు ఈ సైగలు ముందే నేర్పి ఉంటాడు గాని, ఇన్నేళ్ల మిల్లు మనిషి ఎలా కదులుతాడు?

ఏం తోచకపోతే ఆయన నా చేతుల కోసం వెతుక్కుంటారు. అప్పుడూ తలెత్తి చూశారు. నేను లేచి నిలబడి, అరచేయి నావైపు తిప్పి ఊపాను. రండి, రండి. సైగ అందినట్టు ఆయన కూడా చెయ్యెత్తి అలాగే ఊపారు. పక్కనున్నవాడు బేరం ఖాయమన్నట్టు ఆ చేతిని గట్టిగా చరిచాడు. తులసమ్మ షేర్లు కొనడం అయిపోయింది! ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరి తరం? గంట మోగేదాకా బ్రోకరు చెప్పిన బేరాలన్నీ ఒక్క పొరపాటు లేకుండా చేశారు.

అధికారి గ్యాలరీలోకి వచ్చి కసిరాడు. "బహెన్‌జీ, ఇక్కణ్ణుంచి ఆర్డర్లు ఇవ్వకూడదు."

"ఆర్డరేంటి భాయ్‌సాబ్? మా ఆయన్ని రమ్మన్నాను," అన్నాను హిందీలో.

అధికారి అద్దంలోంచి కిందికి చూశాడు. "చెవిటివాడన్నాను గాని, అక్కడ ఎవరికి ఏం వినపడుతోంది కనక," అని గొణుక్కుంటూ వెళ్లాడు. సాయంత్రం బ్యాడ్జి ఇచ్చారు.

భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో దిగి పట్టాలు దాటుతున్నాం. చొక్కాకి బ్యాడ్జి పెట్టుకుని ఆయన ముందు నడుస్తున్నారు. వెనక చిన్నగా నవ్వుకుంటూ నేను. పక్క పట్టా మీద ఖనిజం నింపిన గూడ్సు బండి కూత పెడుతూ వచ్చేస్తోంది. నా కేక ఆయనకి వినపడదు. నాకేదో చెప్పాలని అప్పుడే ఇటు తిరిగారు, నడక మాత్రం ఆపకుండా.

చెయ్యెత్తి అరచేయి చూపించాను.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయారు. ఆయన వీపు వెనకనుంచి ఒక్కో పెట్టే గడగడలాడుతూ వెళ్లింది. బండంతా పోయాక తిరిగి చూసి తెల్లబోయారు. కాసేపటికి నవ్వారు.

"ఏటే ఇందూ, నన్ను అమ్మేసినావా?"

అరచేయి నావైపు తిప్పుకున్నాను.