నున్నటి ముసలమ్మ

తెర మీద బొమ్మ కదలగానే చిన్నది కుర్చీలోంచి ముందుకు వంగింది. నలభై దాటినా ఇంట్లో అందరికీ ఆమె చిన్నదే. ఊళ్లోవాళ్లు తీసిన పొట్టి సినిమాల ప్రదర్శన ఆ సాయంత్రం. ముందుగా ఒకసారి వేసి చూసుకోమని అక్క మొగుడు, బావ పిలిస్తే మధ్యాహ్నమే హాలుకు వచ్చింది. ప్రదర్శన నడిపేది ఆయనే. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఈ మహానుభావుడు వడ్డించేముందు కూరను కూడా కడిగేశాడు.

సినిమా ఆమెదీ, నాన్నదీ. ఒక మట్టి ముసలమ్మ కుర్చీలోంచి లేచి నిలబడుతుంది, అంతే కథ. నాన్న పళ్ల డాక్టరు. కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక రోగులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆయన ఆసుపత్రి మూసేసి ఇంట్లో ఓ మూల కూర్చున్నాడు. ఆ మూల నుంచి ఆయన్ని లేపింది ఈ మట్టే. పళ్లు గీకే కొక్కెంతో ముసలమ్మ రెప్పలు దించేవాడు, బొటనవేలితో మోకాలు వెంట్రుకవాసి జరిపేవాడు, చిన్నది ఒక ఫొటో తీసేది. మళ్లీ జరిపేవాడు, మళ్లీ తీసేది. ముట్టుకున్న చోటల్లా వేలిముద్ర పడేది. ఫొటోలన్నీ కలిపి ఆడిస్తే ఆ ముద్రలు ముసలమ్మ ఒంటి మీద పాకుతూ ఉండేవి, ఆమె వణుకుతూ లేచేది. తుడిచేద్దామా అని చిన్నది అడిగితే నాన్న ఒప్పుకోలేదు.

"ఉండనీ. వణికే చెయ్యి చేసిందని తెలియాలిగా."

ఇప్పుడు తెర మీద ముసలమ్మ సబ్బుబిళ్లలా నున్నగా ఉంది. ముఖాన ఒక్క గీత లేదు. సినిమాను సగానికి సగం కోసేయడంతో చటుక్కున లేచి నిలబడింది. వెనక వయొలిన్లు ఏడుస్తున్నాయి.

బావ చిప్స్ తిన్న వేళ్లు నాక్కుంటూ తన ఘనకార్యం చెప్పుకొచ్చాడు. బొమ్మ నిండా మరకలున్నాయట, కంప్యూటర్లో వేసి మచ్చలూ వణుకూ తీయించాడట, సంగీతం తన సొంత ఎంపికట. సినిమా పేరు కూడా మార్చాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

"అవి మరకలు కావు బావా. నాన్న వేళ్లు."

"అందుకే తీయించా. చేతకాక అలా చేశారనుకుంటారు జనం. మామయ్య పరువు కాపాడాననుకో."

అని, ఆ ఎంగిలి చేత్తోనే ఆమె భుజం తట్టాడు. ఆమెకు ఒళ్లంతా కంపరం పుట్టింది. అసలుది ఇంట్లో ఉంది, తెస్తానంది. కుదరదన్నాడు. అయితే మా సినిమా వేయొద్దంది. అక్కడే కుర్చీలు సర్దుతున్న అక్క ఆమెను పక్కకు లాగి, పెద్దపెద్దవాళ్లు వస్తున్నారనీ ఈ ఒక్కసారికి రచ్చ చేయొద్దనీ బతిమాలింది. నాన్నేమో ఇంట్లో పొద్దుటే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తయారుగా కూర్చున్నాడు. వేయడం లేదని ఆయనకు ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? నోరు మూసుకుంది. మూసుకున్నందుకు బావ మీదకంటే తన మీదే ఎక్కువ రోత పుట్టింది.

సాయంత్రం హాలు నిండింది. తీసినవాళ్ల పేర్లన్నీ చివర్లో ఒకేసారి వేస్తామని బావ మైకులో ప్రకటించాడు. మొదటి సినిమాలో ఒక కుళాయి కారుతూనే ఉంది. అందులో ఏదో లోతు దొరికినట్టు ముందువరసవాళ్లు తలలూపారు. చూస్తుంటే ఆమెకు వెగటుగా ఉంది. ఆ తర్వాత నున్నటి ముసలమ్మ వచ్చింది, జారుతున్నట్టు లేచింది, వెళ్లిపోయింది. చప్పట్లు మోగాయి. ఆమె నాన్న వైపు చూడలేకపోయింది.

పక్కన ఆయన కూడా మర్యాదగా చప్పట్లు కొట్టాడు. తర్వాత ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"మనలాంటిదే ఎవరో చేశారమ్మా. బానే ఉందిగానీ ప్రాణం లేదు. మనది ఎప్పుడు వేస్తారు?"