పదహారు కన్నాల ప్యానెల్

ప్యానెల్ మూడోసారి వచ్చింది. మొదటిసారి వచ్చినదానికి కన్నాలు సన్నం, సాకెట్లు దూరవు. రెండోసారి వచ్చినదానికి కన్నాలు సరే, పలకే వేలెడు పొట్టి. ర్యాక్‌లో ఈ పక్క మర బిగిస్తే ఆ పక్క గాల్లో వేలాడింది.

"కొంచెం అడ్జస్ట్ చేసుకోండి మేడమ్. అందరూ చేసుకుంటున్నారు" అన్నాడప్పుడు షాపతను ఫోన్లో.

"ఇనప పలకని సాగదియ్యమంటారా? మీరు ఒక్కసారి సాగదీసి చూపించండి, చూసి నేర్చుకుంటాను" అని ఫోన్ పెట్టేసింది సౌండమ్మ.

ఆ నాటకాల హాల్లో ఆమెని అందరూ పిలిచే పేరు అదే. మైకులూ స్పీకర్లూ చూసేది ఆమె ఒక్కతే. ఇప్పుడు ఎనిమిదో నెల. కాళ్ళు వాచాయి, నడుం పట్టేసింది, షాపతను ఒకడు చాలక మేనేజరు కూడా ప్రాణం తీస్తున్నాడు.

సంగతేమిటంటే, స్టేజీ మీద మైకులు తగిలించే చోట్లు పదహారున్నాయి. వాటి వైర్లన్నీ గోడలోంచి సౌండు గదిలోకొచ్చి గుట్టగా పడి ఉంటాయి. ఒక్కదానికీ నంబరు లేదు. కాలిన మచ్చున్నది ఉపన్యాసాల బల్లది, ఎలుక కొరికింది తెర పక్కది. అంతా సౌండమ్మ బుర్రలోనే ఉంది. ఇన్నాళ్ళూ అదే ఆమె గొప్ప. ఇప్పుడదే పీకల మీదికొచ్చింది.

"మూడు నెలలు సెలవంటే ఎలాగమ్మా? ఆ చిక్కుముడి నీకు తప్ప ఇంకెవరికి తెలుసు? వేరే మనిషిని పెట్టుకోవాల్సిందే. పెట్టుకున్నాక, నువ్వొచ్చావని అతన్ని పొమ్మనలేను కదా" అన్నాడు మేనేజరు.

అంటే కాన్పుకి వెళ్తే ఉద్యోగం పోయినట్టే. సౌండమ్మకి ఒళ్ళు మండిపోయింది. ర్యాక్‌లో ప్యానెల్ పెట్టి, ఒక్కో వైరుకి ఒక్కో సాకెట్ బిగించి, కింద నంబర్లు చెక్కిస్తానంది. అంకెలు చదవడం వస్తే చాలు, ఎవరైనా నడపొచ్చు.

"అలాగే. శుక్రవారం పొద్దున టికెట్ల అక్క నడుపుతుంది. నువ్వు పక్కనే కూర్చో, నోరు మాత్రం మెదపకూడదు. నడిస్తే సెలవూ నీదే, ఉద్యోగమూ నీదే."

ఆ శుక్రవారానికి రెండు రోజులుందనగా వచ్చింది మూడో ప్యానెల్. ఈసారి కన్నాలు, కొలతలు, అంకెలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. నల్లటి పలక మీద తెల్లగా చెక్కిన అంకెలు చూసి ఆమె మొదటిసారి నవ్వింది.

"ఈ మాత్రం దానికి చెక్కించాలా? కాగితం మీద రాసి అంటిస్తే పోయేది" అన్నాడు భర్త. ఆయన దర్జీ.

"మీరు చొక్కాలకి గుండీల బదులు కాగితాలు అంటిస్తున్నారా?"

గోడ వైర్లు పొట్టివి, ముందుకి రావు. అందుకని ర్యాక్ వెనకాల, గోడకీ దానికీ మధ్య చిన్న పీట వేసుకుని, పొట్ట ఒత్తుకోకుండా పక్కకి ఒరిగి, ఆమే టంకం పెట్టింది. ఎడమ చివర మొదలుపెట్టి ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టుకుంటూ పదహారూ పూర్తి చేసింది. ఆయన టార్చిలైటు పట్టుకున్నాడు. "నేను పెడతానే, నువ్వు చెప్పు" అన్నందుకు తిట్లు తిన్నాడు. సరిచూసుకుందామంటే స్టేజీకి రంగులేస్తున్నారు, అడుగు పెట్టనివ్వలేదు.

శుక్రవారం పొద్దున టికెట్ల అక్క కళ్ళజోడు తుడుచుకుని ర్యాక్ ముందు కూర్చుంది. ఇరవయ్యేళ్ళుగా కిటికీలోంచి టికెట్లు చింపి ఇచ్చిన మనిషి. మేనేజరు స్టేజీ మీద ఒకటో చోట మైకు తగిలించి "హలో" అన్నాడు. అక్క స్పీకర్లకెళ్ళే వైరు తీసి ఒకటో సాకెట్లో పెట్టింది.

చప్పుడు లేదు.

"హలో! హలో!" మేనేజరు గొంతు మైకులోంచి కాదు, ఉత్తగానే హాలంతా వినబడింది.

సౌండమ్మ ప్యానెల్ వంక చూసింది, ర్యాక్ వెనక తను కూర్చున్న పీట వంక చూసింది. అర్థమైపోయింది. వెనక నుంచి ఎడమైనది ముందుకొస్తే కుడి! ఒకటి పదహారులో ఉంది, పదహారు ఒకటిలో ఉంది. ఓరి దేవుడా, పదేళ్ళ పనిమంతురాలు చేసే పనేనా ఇది? చెబుదామంటే స్టేజీ మీంచి మేనేజరు కళ్ళు గది కిటికీ వైపే ఉన్నాయి. చేత్తో నోరు మూసుకుంది. కడుపులో బిడ్డ ఒక్క తన్ను తన్నింది.

అక్క కంగారు పడలేదు. వైరు పీకి రెండోదాంట్లో పెట్టింది, మూడోదాంట్లో పెట్టింది, అలా పోయి పోయి పదహారులో పెట్టేసరికి "హలో" అని హాలు దద్దరిల్లింది.

"ఆగండి, ఆగండి. ఇప్పుడు రెండో చోట పెట్టండి సార్" అని అరిచింది అక్క.

రెండులో పెడితే లేదు. ఈసారి తిన్నగా పదిహేనులో పెట్టింది. పలికింది.

"ఓస్, ఇంతేనా! వరస తప్పలేదు, తిరగబడింది" అని సంచీలోంచి తెల్ల టేపు తీసింది. అది కుర్చీల నంబర్లకి వాడే టేపు. చెక్కిన అంకెల మీద అడ్డంగా అంటించి, లావుపాటి పెన్నుతో పదహారు నుంచి ఒకటి దాకా రాసుకుంటూ పోయింది. అంకెలు వంకర. ఏడు తొమ్మిదిలా ఉంది.

తర్వాత పదహారు చోట్లూ పలికాయి. ఒక్కటీ తప్పలేదు.

మేనేజరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "సరేనమ్మా, నడిచింది. తప్పున్నా కూడా నడిచింది! సోమవారం నుంచి సెలవు తీసుకో" అని వెళ్ళిపోయాడు.

సౌండమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. సంతోషమో ఉక్రోషమో తనకే తెలియలేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వారం రోజులుగా ఆ షాపతన్ని తిట్టిపోశానక్కా. చివరికి తప్పు చేసింది నేను. రేపు పొద్దున్నే వచ్చి వైర్లన్నీ విప్పి సరిగ్గా కలిపేస్తాను."

"ముట్టుకున్నావంటే ఊరుకోను. ఇప్పుడిప్పుడే నాకు వరస పట్టుబడింది. మళ్ళీ మార్చి నా బుర్ర తినకు" అంది అక్క, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా.

అది సౌండమ్మ కుర్చీ. ఆమె ర్యాక్ దగ్గరికి వచ్చింది. పదహారో అంకె దగ్గర టేపు మూల లేచి ఉంది. బొటనవేలితో దాన్ని గట్టిగా ఒత్తి, తన సంచీ తీసుకుంది.