వాగు పైన విచ్చిన తెల్ల ఆస్టర్

స్కూలు బస్సు నడిపి రిటైరైన వెర్నా ఆ ఆగస్టు ఉదయం కాఫీ వదిలేసి పొలం వెనక్కి నడిచింది. మొగ్గలు నేడో రేపో విచ్చేలా ఉన్నాయి మరి.

మిస్సోరీలో వాళ్ల పొలం వెనక వాగుంది. వాగు పైని సున్నపురాతి వాలులో, ఓక్ చెట్ల నీడన, గరుకాకుల మొక్కలు నలభై దాకా ఉన్నాయి. ఏడేళ్లుగా ఆమె వాటిని కనిపెట్టుకుని ఉంది. మొగ్గ తొడిగీ తొడగగానే జింకలు మేసేసేవి. జిల్లాలో అంతరించిందన్న అడవి ఆస్టర్ పూలమొక్క ఇదేనని ఆమె అనుమానం. వృక్షశాస్త్రం చదివిన పెద్దావిడ హాల్వర్సన్‌గారు మాత్రం, పువ్వు చూడందే ఏమీ చెప్పలేనని తేల్చేశారు. అందుకే ఈ ఏడు వసంతంలోనే వెర్నా వదిన దగ్గర్నుంచి కోళ్ల దొడ్డి వల తెచ్చి మొక్కల చుట్టూ బిగించింది.

"నా కోళ్లు వీధిన పడ్డాయి, నీ కలుపు మొక్కలకు మాత్రం కోట కట్టావు!" అంటూనే ఆమె వదిన లోరెట్టా వాలు ఎక్కింది.

"నోర్ముయ్ వదినా, చూడు!"

వల లోపల తెల్లని రేకులు, నడుమ పసుప్పచ్చని బొడ్డు. ఒకటి కాదు, పదకొండు!

ఊరంతా పెరిగే పెద్దాకు ఆస్టర్‌ కాడ వేళ్లకు జిగురుగా అంటుకుంటుంది. అడవి ఆస్టర్‌ది అంటుకోదు. ఆమె ఊపిరి బిగబట్టి, పువ్వు కింది కాడను మెల్లగా నిమిరింది.

"అంటుకుందా?" లోరెట్టా గొంతు కీచుమంది.

"లేదు! వదినా, ఏమీ అంటుకోలేదు!"

ఇద్దరూ జారుకుంటూ దిగారు. లోరెట్టా చెప్పు వాగులో పోయినా ఆగలేదు. ఫోన్ చేసిన రెండు గంటలకే హాల్వర్సన్‌గారు కారు దిగారు. డెబ్బై ఏళ్ల మనిషి, వాలెక్కాక చేతికర్ర విసిరేసి మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దంలోంచి చాలాసేపు చూశారు.

"ఏమంటారు?" వెర్నా ఆమె పక్కనే వంగింది.

"ఇది పోయిందని పుస్తకంలో రాసింది నేనేనమ్మా," అన్నారావిడ. కళ్లు నీళ్లతో మెరుస్తున్నాయి. "ఇరవై ఏళ్ల కిందట. ఇవాళ ఆ మాట కొట్టేసి, ఇక్కడ దొరికిందని రాస్తున్నాను. నీ పేరుతో."

లోరెట్టా ఒంటి చెప్పుతోనే గంతు వేసింది. "నా వల పేరు కూడా రాయండమ్మా!"