రెండువందల పన్నెండు కోసం

జలప్రళయంలో లోకమంతా మునిగి చస్తే చేపలకి మాత్రం శిక్ష ఎందుకు పడలేదని ఏడేళ్ళప్పుడు సండే స్కూల్లో అడిగింది. ఆ రోజు టీచరమ్మ పెట్టిన పేరే ఎందుకమ్మ. ఇప్పుడు నలభై దాటాయి, ఆసుపత్రి ల్యాబులో పదిహేనేళ్ళ అనుభవం ఉంది, పేరు మాత్రం వదల్లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

రోగుల ఒంట్లోంచి కోసి తీసిన ముక్కల్ని మైనంలో పెట్టి దిమ్మలు కట్టడం ఆమె పని. ఆ దిమ్మని ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేయాలి. ఆ పలకని డాక్టరమ్మ మైక్రోస్కోపు కింద పెట్టుకుని, అది ఉత్త గడ్డో క్యాన్సరో తేలుస్తుంది. దిమ్మల మీద పేర్లుండవు, నంబర్లే.

సోమవారం పొద్దున కిటికీ దగ్గరికి వచ్చిన సీసాల్లో ఒకటి వాళ్ళ అక్కది. రొమ్ములో గడ్డనుంచి తీసిన ముక్క. చీటీ మీద 212 అని చూసింది, చూడనట్టు తల తిప్పుకుంది. అయినవాళ్ళ ముక్కని సొంత చేత్తో కోయకూడదని ఆ ల్యాబులో కట్టుబాటు. చెయ్యి వణికితే దిమ్మ పాడవుతుంది. అయినా ఎవరికీ చెప్పలేదు. ముందు రోజు అక్క ఆమె చెయ్యి పట్టుకుని, "ఏదైనా సరే, నీ నోటితోనే వింటానే. డాక్టరు చెబితే నేను తట్టుకోలేను," అంది. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో ఎందుకమ్మకి ఇంకా తెలుస్తూనే ఉంది.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. అమ్మకి ఒక ప్రార్థన పుస్తకం ఉంది. అందులో ఎవరికేం కావాలో రాసుకుంటుంది, జరిగితే పక్కన టిక్కు పెడుతుంది.

"అక్క కోసం నువ్వు గట్టిగా ప్రార్థన చెయ్యి."

"అమ్మా, ముక్క కోసి సీసాలో పెట్టేశారు. అందులో ఏముందో అది ఇప్పటికే ఉంది. ఇంక అడిగి ఏం లాభం?"

"నీ మైనం పని నువ్వు చూసుకో. ఆయన పని ఆయన చూసుకుంటాడు."

ఇలాంటి జవాబుతో ఊరుకుంటే ఆమె ఎందుకమ్మ ఎందుకవుతుంది? పాస్టరుగారికి ఫోన్ చేసింది. ఆయన ఆమెకంటే పదేళ్ళు చిన్న. ఆమె నంబరు కనబడితే ముందు గ్లాసుడు మంచినీళ్ళు తాగి గానీ ఎత్తడని సంఘంలో ఒక హాస్యం.

"పాస్టరుగారూ, నేనిప్పుడు ప్రార్థిస్తే దేవుడు వెనక్కెళ్ళి మారుస్తాడా?"

"ఆయనకి ముందూ వెనకా లేవక్కా. మీరు ఇవాళ చేసే ప్రార్థన ఆయన ఎప్పుడో విన్నాడు."

జవాబు ఆమెకి నచ్చింది. నచ్చింది కాబట్టే వదల్లేదు. "అయితే రిపోర్టు వచ్చాక చేసినా చెల్లాలిగా?"

"వచ్చాక ఎవరూ అలా చెయ్యరు కదక్కా."

"ఎందుకు?"

అవతల ఇంకో గుక్క నీళ్ళు తాగిన చప్పుడైంది. "నాకూ తెలీదు," అన్నాడు చివరికి. ఆ ఒక్క మాటతో ఆయన మీద ఆమెకి గౌరవం పెరిగింది.

ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. ఫలితం తనకి తెలియనంతవరకు ప్రార్థనకి తలుపు తెరిచే ఉన్నట్టు లెక్క. అందుకని మంగళ, బుధవారాలు 212 దిమ్మ మీద వేలు ఆనించి, పెదవి కదలకుండా ప్రార్థించింది. అంత మనసు పెట్టి ఆమె ఎన్నడూ ప్రార్థించలేదు. దిమ్మని కోసింది, రంగు వేసింది, చెయ్యి వణకలేదు. రంగు సరిగ్గా పట్టిందో లేదో మైక్రోస్కోపులో చూడాల్సింది కూడా ఆమే. ఇన్నేళ్ళ అనుభవంతో చూస్తే తెలిసిపోతుంది. ఆ పలకని మాత్రం కత్తి బాబాయ్ ముందుకి తోసి, "నా కళ్ళు మంటగా ఉన్నాయి, నువ్వు చూడు బాబాయ్," అంది. ల్యాబులో కత్తుల బాధ్యత అంతా ఆయనది, అందుకే ఆ పేరు. ఆయన చూసి పలకని డాక్టరమ్మ ట్రేలో పెట్టాడు.

గురువారం పదింటికి డాక్టరమ్మ తలుపులోంచి తొంగి చూసింది. "212 ఇంకొంచెం లోతుగా కోసివ్వండి. ఎంతవరకు పాకిందో చూడాలి."

ఎందుకమ్మ స్టూలు మీద కూలబడింది. తలుపు మూసుకుపోయిందని ఒకటే ఆలోచన. అక్కకి ఎలా చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి?

"బాబాయ్," అంది, "అది మా అక్కది."

కత్తి బాబాయ్ ఆమెకేసి వింతగా చూశాడు. "మీ అక్కదెందుకు అవుతుంది? ఫారం మీద ఫోన్ చెయ్యాల్సిన నంబరు నీదే ఉంటే సోమవారమే ఆ చీటీ పీకేసి సీసాని పై అంతస్తు ల్యాబుకి పంపించా. 212 తర్వాతి సీసాకిచ్చాం. పైనుంచి పొద్దున్నే ఫోనొచ్చింది, ఉత్త కొవ్వు గడ్డట. రిపోర్టు చేతికొచ్చాక చెబుదామనుకున్నా."

"మరి నాకు సోమవారమే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పనొదిలేసి పైకెళ్ళి కూర్చుంటావు."

ఆమె బావురుమంది. పెద్దదాన్నని కూడా చూసుకోకుండా ఏడ్చింది. బయటికెళ్ళి అక్కకి తన నోటితోనే చెప్పింది. అక్క మాట్లాడలేక పక్కనున్న అమ్మ చేతికి ఫోనిచ్చేసింది.

"చూశావా," అంది అమ్మ, "నీ ప్రార్థన విన్నాడు."

"నేను చేసింది ఎవరిదో దిమ్మ మీదమ్మా. అక్క కోసం చేసింది నువ్వే."

"నేనూ చెయ్యలేదే. మీ అక్క ధైర్యంగానే ఉంది. నువ్వే తిండి మానేసి తిరుగుతున్నావు. మూడు రోజులూ నీ కోసం చేశా." అంతలో తనే, "మరి మీ అక్క కోసం ఎవరు చేసినట్టు?" అంది.

ఈసారి ప్రశ్న అడిగింది ఎందుకమ్మ కాదు, అమ్మ.

లోపలికి వచ్చేసరికి బల్ల మీద 212 దిమ్మ అలాగే ఉంది. అది ఎవరిదో, ఆడో మగో కూడా తెలియదు. తెలుసుకోకూడదు. తన కోసం ఎవరో రెండు రోజులు ప్రార్థించారని ఆ మనిషికీ తెలియదు. ఇంటి దగ్గర ఆ మనిషి కూడా ఎవరి చెయ్యో పట్టుకుని ఉంటుంది. దిమ్మ కోసి, కొత్త పలక డాక్టరమ్మకి అందించి, మళ్ళీ అమ్మకి ఫోన్ చేసింది.

"నీ పుస్తకంలో ఒకరిని రాసుకో."

"పేరు?"

"తెలీదు. రెండువందల పన్నెండు అని రాయి."

"ఏం అడగాలి?"

"అది క్యాన్సరని తేలిపోయిందమ్మా. ఏం అడగాలో నాకూ తెలీదు."

అవతల కలం మూత తీసిన చప్పుడు వినిపించింది. అమ్మ అంకెలు ఒక్కొక్కటే పైకి చదువుతూ రాసుకుంది. ఎందుకమ్మ ఫోను పెట్టేసి, చల్లారిన మైనం మీద మళ్ళీ వేలు ఆనించింది.