ఎడమ భుజంలో దూది

ఆ ఇంటి గడప దాటి రెడీమేడ్ బట్ట ఎప్పుడూ లోపలికి రాలేదు. తల్లి టైలరు. ముందుగదిలోనే మిషను, వీధివైపు అద్దం వెనక హేంగర్లకు వేలాడే జాకెట్లు, గౌన్లు. కూతురికి పాలపళ్ళ నాటి గౌను నుంచి కాలేజీ చుడీదారు దాకా అన్నీ ఆవిడ చేతివే. చిన్నప్పుడు సన్నగా నిటారుగా ఉండేదని నానమ్మ పెట్టిన పేరు పుల్ల. ఆ పేరే ఉండిపోయింది.

పుల్లకి హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం వచ్చింది. వాళ్ళిచ్చిన నల్లకోటు వేసుకుంటే ఎడమ భుజం జారింది, స్కర్టు అంచు ఓ పక్క పైకి లేచింది.

"సరిగ్గా నిలబడమ్మా" అంది సూపర్‌వైజరు.

"నిలబడే ఉన్నా మేడం."

ఇంకో కోటు ఇచ్చారు. అదీ అంతే. దాని తర్వాతదీ అంతే. "తప్పు కోటుది కానట్టుంది. ఎముకల డాక్టరుకి చూపించుకురా, డ్యూటీ సంగతి తర్వాత చూద్దాం" అని పంపేసింది.

పుల్ల ఇంటికొచ్చి అదో తమాషాలా చెప్పింది. "చూశావా అమ్మా, నీ చేతి గుడ్డ కాకపోతే నాకేదీ నప్పదు."

తల్లి నవ్వలేదు. "ఆ కోటు ఇలా పట్రా, సర్దేస్తాను. డాక్టర్లెందుకు?"

"కంపెనీ కోటుకి కత్తెర పెట్టనిస్తారా? రేపు నువ్వూ రా."

ఎక్స్‌రే గదిలో పుల్లకి ఆసుపత్రి అంగీ తొడిగి, తలుపంత పలక ముందు నిలబెట్టారు. తల్లిని అద్దం ఇవతల తన పక్కన ఉంచుకుంది ఎక్స్‌రే తీసే అమ్మాయి.

"వెన్నంతా ఒక్క దెబ్బకి పట్టదండీ. పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి తీసి కంప్యూటరు అతికేస్తుంది. అదయ్యేదాకా మనిషి కదలకూడదు. ఆ, ఊపిరి బిగబట్టమ్మా."

పుల్ల కదల్లేదు. కదలకుండా నిలబడడం దానికి తల్లి నేర్పిన విద్యే. కొలతలు తీసేటప్పుడు కదిలితే వీపు మీద ఒక్కటి పడేది.

తెర మీద బొమ్మ వచ్చింది. తల్లి ముందు చూసింది అతుకు కోసం. ఏ పని చేసేవాళ్ళ కన్ను ఆ పని మీదే ఉంటుంది.

"కుట్టెక్కడమ్మా?"

"కనపడదండి. అదే దీని గొప్ప."

తర్వాత ఎముక చూసింది. హేంగరుకి తగిలించిన టేపులా ఉండాల్సినది, ఎవరో విసుగ్గా కింద పడేసిన టేపులా ఉంది. అంగీ లేదు, చర్మం లేదు, సర్దడానికి గుడ్డే లేదు.

ఆ వంకర ఆవిడకి కొత్త కాదు. పిల్ల పెద్దమనిషయిన ఏడాది కొలత తీస్తుంటే భుజాల్లో తేడా మొదటిసారి టేపుకి తగిలింది. పుస్తకాల సంచి బరువనుకుంది. మళ్ళీ తీస్తే ఇంకాస్త పెరిగింది. ఆవిడ మేనత్తకి గూని. పెళ్ళయిన కొత్తల్లో అత్తగారు ఒకసారి "మీ వైపు వీపులు అంత మంచివి కావటగా" అని ఊరుకుంది. ఆవిడ ఊరుకున్నా ఆ మాట ఊరుకోలేదు. నలుగురి నోళ్ళకి మూత పెట్టలేం గానీ వీపుకి గుడ్డ కప్పగలం అనుకుంది తల్లి. ఎడమ భుజంలో లైనింగు లోపల పల్చగా దూది బిళ్ళ. కింద అంచు ఓ పక్క కాస్త వదులు. ఏటికేడు దూది మందమైంది. తొడుక్కున్న పిల్లకే తెలియనంత పనితనం.

డాక్టరు తెర మీద గీతలు గీసి కొలిచాడు. "వంపు బాగా ముదిరింది. ఎదుగుదల కూడా అయిపోయింది, ఇక వీపుకి బెల్టు పెట్టి లాభం లేదు. ఆపరేషన్ చేసి రాడ్లు వెయ్యాలి. ఎదిగే వయసులో వచ్చుంటే బెల్టుతోనే ఆపేవాళ్ళం."

"నాకు తెలిస్తే కదా సార్" అంది పుల్ల.

"తమ వీపు తమకేం కనపడుతుందమ్మా. మామూలుగా బట్టలు కుట్టేవాళ్ళు ముందు పట్టేస్తారు. మీ బట్టలు ఎవరు కుడతారు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తల్లి చెయ్యి తనకి తెలియకుండానే భుజం మీదికి పోయింది. టేపు ఎప్పుడూ వేలాడే చోటది. పుల్ల ఆ చేతినే చూస్తూ ఉంది.

"మా అమ్మే సార్" అంది, నెమ్మదిగా.

ఇంటికి రాగానే పుల్ల ముందుగదిలో జాకెట్ల మధ్య రెండు హేంగర్లు తప్పించి, పొడవాటి ఎక్స్‌రే ఫిల్ము అద్దానికానించి తగిలించింది. వీధి వెలుగు పడి ఎముకలన్నీ తేటగా కనపడ్డాయి.

"తియ్యవే. జనం చూస్తారు" అంది తల్లి.

"మంచిదేగా. జనం చూడకూడదనే కదా ఇంతదాకా వచ్చింది."

నానమ్మ లోపల్నుంచి వచ్చి కళ్ళజోడు సవరించుకుంది.

"ఎవరిదే ఇది?"

"నాదే నానమ్మా."

ముసలావిడ ఉలిక్కిపడలేదు. "ఇంతయిందా" అంది.

తల్లీ కూతురూ ఇద్దరూ అటు తిరిగారు.

"నీకూ తెలుసా?" అంది పుల్ల.

"దగ్గొచ్చినప్పుడల్లా వీపుకి మందు రాసింది నేను కాదూ? చేతికి తగిలేది. మీ అమ్మతో అందామంటే, ఎప్పుడో నోరు జారిన ఒక్క మాటకే ఏడాదిపాటు నాతో ముభావంగా ఉంది. కుట్టులో సర్దేస్తోందిగా, తెలిసే ఉంటుంది, డాక్టరుకీ చూపించే ఉంటుందిలే అనుకున్నా."

"మీరేమంటారో అనే అత్తయ్యా, నేను..." అంది తల్లి.

పుల్ల బీరువాలోంచి తన చుడీదార్లన్నీ తెచ్చి నేల మీద కూర్చుంది. బ్లేడుతో ఒకదాని ఎడమ భుజం కుట్లు విప్పి, దూది బిళ్ళ తీసి మిషను మీద పెట్టింది. ఇంకోటి అందుకుంది.

"ఆపరేషనయ్యాక అన్నీ కొత్తవి కుడతానే" అంది తల్లి.

"కొలతలు నువ్వే తీస్తావా?"

తల్లి మెడలో టేపు తీసి చుట్ట చుట్టింది. చుట్ట చేతిలోంచి జారి విడిపోయింది. వంగి తీసుకోలేదు.

జాకెట్టు కోసం వచ్చినావిడ గుమ్మంలో ఆగి, అద్దం వైపు వింతగా చూసింది. "ఇదేమిటండీ, ఎవరిదీ?"

"మా అమ్మ పనండీ" అంది పుల్ల తలెత్తకుండానే. "ఎంత వంకరున్నా పైకి తెలియనివ్వదు. మీ జాకెట్టు కూడా అయిపోయే ఉంటుంది, రండి, కూర్చోండి."